గూటి దీపం నుంచి డి రంగు దాకా

గుంటూరు బ్రాడీపేటలో వజ్రాల దుద్దులు కొనబోయేవాళ్లు రాయి కంటే ముందు దుకాణంలో దీపాలను చూడాలి. ఆ జిగేలుమనే వెలుగులో లేతపసుపు రాయి కూడా తెల్లగానే కనిపిస్తుంది. రంగు తేల్చాలంటే ముందు వెలుగు అదుపులో ఉండాలన్న ఇంగితం మనవాళ్లకు ఏనాడో ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ సంగతి రాశాడు. ఐరోపాలో రాయిని పగలు పరీక్షిస్తే, ఇక్కడ రాత్రిపూట చూసేవారట. గోడలో అడుగు చదరపు గూడు, అందులో లావు వత్తి దీపం, వేళ్ల మధ్య రాయి. నీలి ఛాయ పట్టుకోవాలంటే మాత్రం గుబురు చెట్టు నీడకు వెళ్లాల్సిందే. నా దృష్టిలో ఆ గూడూ ఒక పరికరమే.

చూపు సరే, రంగుకు చెప్పిన కారణం మాత్రం తప్పింది. కృష్ణ ఒడ్డున, ఇప్పుడు పులిచింతల నీళ్లలో మునిగిన కొల్లూరు గనిలో రాళ్లకు నేల గుణమే అంటుతుందని టావెర్నియే రాశాడు: చిత్తడి నేలైతే నలుపు, ఎర్రనేలైతే ఎరుపు. నల్లరేగడిలో పండిన పత్తి తెల్లగానే ఉంటుంది కదా! వజ్రం పుట్టింది ఆ మట్టిలో కాదు, దాదాపు 150 కిలోమీటర్లు, అంతకు మించిన లోతున. అక్కడ కార్బన్ అమరికలో చొరబడిన నైట్రోజన్ పరమాణువులు కాంతిలోని నీలాన్ని మింగేస్తే మన కంటికి మిగిలేది పసుపు. బోరాన్ చొరబడితే నీలం. టావెర్నియే 1668లో పద్నాలుగో లూయీకి అమ్మిన నీలివజ్రం, అంటే నేటి హోప్ వజ్రానికి మూలం, ఆ జాతిదే. అది కొల్లూరుదే అంటారు. ఈ రెండూ దాదాపు లేని రాయిదే గోల్కొండకు పేరు తెచ్చిన తెలుపు.

గూటి దీపానికి సరైన వారసుడు రావడానికి 300 ఏళ్లు పట్టింది. అప్పటిదాకా అమెరికా దుకాణాల్లో ఎ, ఎఎ, ఎఎఎ అంటూ ఎవరి గొప్ప వారిది. 1953లో జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికాలో రిచర్డ్ లిడికోట్ ఆ పాత అక్షరాల జోలికి పోకుండా రంగులేని డి నుంచి లేతపసుపు జెడ్ దాకా మెట్లు కట్టాడు. అందులో అసలు కొలబద్ద కూడా వజ్రమే. రంగు ముందే తేల్చిన నమూనా రాళ్ల పక్కన కొత్తదాన్ని బోర్లించి, తెల్లని కాంతిలో పక్కనుంచి చూస్తారు. పైముఖం నుంచి చూస్తే మెరుపు రంగును దాచేస్తుంది.

కాబట్టి దుకాణంలో విడిరాయిని, దాన్ని బోర్లించి చూడటానికి మడిచిన తెల్లకాగితాన్ని అడగండి. డికీ ఎఫ్‌కీ తేడా అలవాటులేని కంటికి అందదు, ధరలో మాత్రం బాగానే తెలుస్తుంది. పసుపు బంగారంలో పొదిగే రాయికి అంత పొయ్యడం దండగ, లోహపు ఛాయ ఎలాగూ రాయిలోకి దిగుతుంది. ఏడురాళ్ల దుద్దులకైతే పద్నాలుగూ ఒకే మెట్టువి కావడం ముఖ్యం. ఒక్కటి పసుపు తిరిగినా కన్ను అక్కడికే పోతుంది.