ఇంజిన్ మార్చిన జీపులో క్లచ్ లింకేజీ అమరిక: శ్రీహరికోట తీరప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం: పాత వాహనానికి కొత్త ఇంజిన్, గేర్‌బాక్స్ అమర్చినప్పుడు క్లచ్ పెడల్‌కూ రిలీజ్ బేరింగ్‌కూ మధ్య ఉండే లింకేజీని తిరిగి రూపొందించవలసి వస్తుంది. పెడల్ తేలికగా ఉండాలన్న కోరికకూ, బేరింగ్ తగినంత జరగాలన్న అవసరానికీ మధ్య ఉన్న వైరుధ్యమే ఈ పనిలో కీలకం. ఆ వైరుధ్యాన్ని లెక్కతో వివరించి, అమరిక క్రమాన్ని, ఉప్పుగాలి ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: క్లచ్, లింకేజీ, మీట నిష్పత్తి, ఫ్రీ ప్లే, జీపు, పులికాట్, శ్రీహరికోట.

1. ఉపోద్ఘాతం

పాత కారుకు శక్తిమంతమైన ఇంజిన్ అమర్చుకొనే హాట్‌రాడ్ సంప్రదాయం 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఎండిన సరస్సుల మైదానాలపై జరిగిన వేగపరీక్షలతో బలపడింది. భారతదేశంలో దానికి దగ్గరి రూపం ఇంజిన్ మార్చిన జీపు. పెట్రోలు ఇంజిన్‌తో వచ్చిన పాత జీపులకు డీజిల్ ఇంజిన్లు అమర్చడం దేశంలో చాలాకాలంగా ఉన్న వాడుకే.

ఇటువంటి జీపు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్తోందని అనుకుందాం. సుమారు 18 కిలోమీటర్ల ఆ దారి పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. ఇరువైపులా ఉప్పునీరు, అవతల బంగాళాఖాతం. మార్గమధ్యంలో క్లచ్ విడవకపోతే గేరు పడదు. క్లచ్ పట్టకపోతే బండి కదలదు. ఈ రెండు లోపాలకూ మూలం తరచుగా ఇంజిన్‌లో ఉండదు, పెడల్ కింద ఉన్న కొన్ని రాడ్ల కొలతల్లో ఉంటుంది.

2. లింకేజీ చేసే పని

ఇంజిన్ ఫ్లైవీల్‌కు క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు స్ప్రింగుల బలంతో అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కినప్పుడు రాడ్లు ఫోర్కును లాగుతాయి లేదా నెడతాయి. ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు జరుపుతుంది. బేరింగ్ ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కి క్లచ్ ప్లేటును విడిపిస్తుంది. అంటే లింకేజీ ఒక మీటల వరుస. మీట బలాన్ని ఎన్ని రెట్లు పెంచితే, కదలికను అన్ని రెట్లు తగ్గిస్తుంది. ఈ ప్రాథమిక సూత్రాన్ని మరచిపోవడమే చాలా పొరపాట్లకు కారణం.

3. నిష్పత్తి లెక్క

ఉదాహరణకు, పెడల్ ఆనిక నుంచి పాదం పెట్టే చోటికి 300 మి.మీ., రాడ్ తగిలించిన రంధ్రానికి 50 మి.మీ. దూరం ఉంటే పెడల్ నిష్పత్తి 6. ఫోర్కు నిష్పత్తి 2 అయితే మొత్తం నిష్పత్తి 12. పెడల్ మొత్తం 150 మి.మీ. కదిలి, అందులో 25 మి.మీ. ఖాళీగా పోతే, మిగిలిన 125 మి.మీ. బేరింగ్ దగ్గర సుమారు 10.4 మి.మీ. కదలికగా మారుతుంది. క్లచ్ పూర్తిగా విడవడానికి 9 మి.మీ. చాలుననుకుంటే ఈ అమరిక సరిపోతుంది. వేళ్లను నొక్కడానికి 1,200 న్యూటన్ల బలం కావలసివస్తే పాదం మోపవలసింది 100 న్యూటన్లు.

కొత్త ఇంజిన్‌తో పాటు గట్టి ప్రెషర్ ప్లేటు వేస్తే కావలసిన బలం 1,800 న్యూటన్లకు పెరిగిందనుకుందాం. పెడల్‌పై 150 న్యూటన్లు పడతాయి. దాన్ని తిరిగి 100కు తేవాలని రాడ్ రంధ్రాన్ని ఆనికకు సుమారు 33 మి.మీ. దూరానికి జరిపితే మొత్తం నిష్పత్తి 18 అవుతుంది. పెడల్ తేలికవుతుంది, కానీ బేరింగ్ కదలిక 6.9 మి.మీ.కు పడిపోతుంది. క్లచ్ సగమే విడుస్తుంది, గేరు మార్చిన ప్రతిసారీ పళ్లు గీసుకుంటాయి. పాదానికి దక్కిన సుఖానికి గేర్‌బాక్స్ మూల్యం చెల్లిస్తుంది. అందువల్ల ముందు ప్రెషర్ ప్లేటుకు కావలసిన కదలికను తెలుసుకొని, ఆ తర్వాతే నిష్పత్తిని నిర్ణయించాలి.

4. క్రాస్‌షాఫ్ట్ అమరిక

పాత జీపులో పెడల్ కదలికను చాసిస్‌కూ ఇంజిన్ వెనుక భాగానికీ మధ్య అడ్డంగా ఉండే చిన్న క్రాస్‌షాఫ్ట్ ఫోర్కు వైపుకు చేరుస్తుంది. ఇంజిన్ మారినప్పుడు ఈ షాఫ్ట్ ఆనికలు రెండూ ఒకే సరళరేఖలో ఉండకపోవచ్చు. అప్పుడు షాఫ్ట్ వంకరగా తిరిగి పట్టేస్తుంది. రెండు చివరలూ ఒకే అక్షంపై ఉండేలా ఇంజిన్ వైపు బ్రాకెట్‌ను కొత్తగా చేయవలసి ఉంటుంది.

పెడల్ సగం దూరం తొక్కినప్పుడు రాడ్‌కూ మీటకూ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. అలా లేకపోతే తొక్కేకొద్దీ నిష్పత్తి మారిపోయి, లెక్కించిన కదలిక చేతికి అందదు. బ్రాకెట్ బలహీనమైతే పెడల్ కదలికలో కొంత భాగం ఇనుము వంగడానికే ఖర్చవుతుంది. రబ్బరు మౌంటుల మీద ఇంజిన్ ఊగుతుంది కాబట్టి కీళ్ల దగ్గర బాల్‌జాయింట్లు అవసరం.

5. ఫ్రీ ప్లే, పరీక్ష

పెడల్ వదిలినప్పుడు బేరింగుకూ వేళ్లకూ మధ్య కొద్ది ఖాళీ ఉండాలి. పై ఉదాహరణలో పెడల్ దగ్గరి 25 మి.మీ. బేరింగ్ దగ్గర సుమారు 2 మి.మీ. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ వేళ్లు బేరింగ్ వైపుకు జరిగి ఈ ఖాళీ తగ్గిపోతుంది. ఖాళీ పూర్తిగా పోతే బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూ అరుగుతుంది; క్లచ్ జారి ప్లేటు మాడుతుంది. రాడ్ మీది సర్దుబాటు నట్టు ఇందుకే. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు.

ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఖాళీని కొలవాలి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్స్ గేరు వేయాలి. చాలా పాత గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రోమెష్ ఉండదు కనుక క్లచ్ విడవకపోతే ఆ శబ్దమే చెబుతుంది. చివరగా, పెడల్ అవసరానికి మించి దిగకుండా ఒక స్టాపర్ అమర్చాలి. వేళ్లను అతిగా నొక్కితే ప్రెషర్ ప్లేటు దెబ్బతింటుంది.

6. హైడ్రాలిక్ ప్రత్యామ్నాయం

రాడ్లకు దారి లేనప్పుడు మాస్టర్, స్లేవ్ సిలిండర్లను వాడవచ్చు. ఇంజిన్ ఊగడం పెడల్‌పై ప్రభావం చూపదు. కానీ ఇక్కడా అదే లెక్క వర్తిస్తుంది. మాస్టర్ వ్యాసం 19 మి.మీ., స్లేవ్ వ్యాసం 22 మి.మీ. అయితే వైశాల్యాల నిష్పత్తి సుమారు 1.34, మొత్తం నిష్పత్తి 12 నుంచి దాదాపు 16కు చేరి, బేరింగ్ కదలిక 7.8 మి.మీ.కు తగ్గుతుంది. రెండు సిలిండర్లూ ఒకే వ్యాసంలో ఉంటే పాత నిష్పత్తే నిలుస్తుంది.

7. ఉప్పుగాలి ప్రభావం

పాత జీపులో పెడల్ ఆనిక, రాడ్లు నేలపలక కింద బయటికే ఉంటాయి. పులికాట్ పరిసరాల ఉప్పుతేమ వాటి కీళ్లను తుప్పు పట్టిస్తుంది. అరిగిన పిన్ను కదలికను మింగేస్తుంది. తుప్పు పట్టిన కీలు పెడల్‌ను వెనక్కి రానివ్వదు. కాబట్టి గ్రీజు పెట్టడం, కీళ్లకు రబ్బరు తొడుగులు వేయడం, రిటర్న్ స్ప్రింగును తనిఖీ చేయడం ఈ ప్రాంతంలో నిత్యావసరాలు. హైడ్రాలిక్ పద్ధతిలో వాడే సాధారణ బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాన్ని గడువు ప్రకారం మార్చకపోతే సిలిండర్లు లోపలి నుంచి తుప్పు పడతాయి.

8. ముగింపు

సాంకేతికంగా సరైన మార్పు చట్టబద్ధం కూడా కావాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కనుక ఇంజిన్ మార్చే ముందే రవాణా శాఖ అనుమతి సంగతి తేల్చుకోవాలి.

పెడల్ బరువు, బేరింగ్ కదలిక, ఫ్రీ ప్లే అనే మూడూ ఒకే నిష్పత్తికి కట్టుబడినవి. ఒకదాన్ని మార్చినవారు మిగిలిన రెండింటినీ మళ్లీ కొలవాలి. అనుభవజ్ఞుడైన మెకానిక్ పాదంతో గ్రహించే ఈ సంబంధాన్ని కొలతల్లో చెప్పగలిగితే, ఆ నైపుణ్యాన్ని తరగతి గదిలోనూ తెలుగులో బోధించవచ్చు.