పాత కంప్యూటరు - తగిన కెర్నెలు

నాయ్‌గావ్ వంటి తాలూకా కేంద్రములందలి పాఠశాలలకు కంప్యూటర్లన్నియు ఒకే మారు, ఒకే రకమువి లభించుట అరుదు. కొన్ని కొన్నవి, కొన్ని దాతలిచ్చినవి. కొన్ని క్రొత్తవి, కొన్ని పదునైదేండ్ల నాటివి. వీనిపై లినక్సును నెలకొల్పునపుడు "ప్రాసెసరునకు తగినట్లు కెర్నెలును మనమే తయారు చేసికొనినచో వేగము పెరుగును" అను మాట వినబడును. అందు నిజమెంతయో, చిక్కెంతయో తల్లిదండ్రులును ఎఱిగియుండుట మేలు. పాత యంత్రమును ఉంచవలెనా, తీసివేయవలెనా యను నిర్ణయములో వారి ధనమును, వారి బిడ్డల చదువును ఇమిడియున్నవి.

ఆపరేటింగ్ సిస్టమునకు కెర్నెలు గుండెకాయ వంటిది. ప్రాసెసరును, మెమొరీని, డిస్కును ప్రోగ్రాములకు పంచియిచ్చునది అదియే. ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు కెర్నెలును 386 ప్రాసెసరు గల తన యంత్రముపై వ్రాసెను. దాని మూలపాఠము అందఱకును లభించును. ఆ పాఠమును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. ఏ ప్రాసెసరు కొఱకు మార్చవలెనో ముందుగా మనము నిర్ణయింపవచ్చును.

తెలుగు, మరాఠీ, ఉర్దూ కలసి వినబడు మన ప్రాంతమువారికి ఈ సంగతి సులభముగా బోధపడును. సంతలో అందఱకు తెలిసిన మాటలు వాడినచో ప్రతివాడును గ్రహించును. ఇంటిమాటలతో పని త్వరగా సాగును గాని, పొరుగువానికి అవి తెలియకపోవచ్చును. క్రొత్త ప్రాసెసరునకు సాధారణముగా పాత ఆదేశములును తెలియును. పాతదానికి క్రొత్త ఆదేశములు తెలియవు. తెలియని ఆదేశము ఎదురైనచో మనుష్యునివలె ఊహించి సర్దుకొనజాలదు, పని నిలిచిపోవును.

కావున మొదట యంత్రమును పరీక్షింపవలెను. లినక్సులో "ఎల్‌ఎస్‌సీపీయూ" అను ఆజ్ఞ నిచ్చినచో ప్రాసెసరు పేరు, కోర్ల సంఖ్య, దాని లక్షణముల పట్టిక కనబడును. పట్టికలో "ఎల్‌ఎం" అను గుర్తున్నచో అది 64 బిట్ల కెర్నెలును నడుపగలదు. పిదప మూలపాఠమున్న చోట "మేక్ మెనూకాన్ఫిగ్" అనినచో ఎంపికల జాబితా తెఱచుకొనును. అందు ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది ప్రాసెసరు తరగతి. ఎంచుకొనిన తరగతికంటె పాత ప్రాసెసరుపై ఆ కెర్నెలు నడచునను హామీ లేదు. 2025లో వెలువడిన 6.16 సంచికలో, కెర్నెలును తయారు చేయు యంత్రపు ప్రాసెసరునకే సరిపడునట్లు మలచు ఎంపికయు చేర్చబడినది. దాత తన క్రొత్త యంత్రముపై ఇట్లు తయారు చేసి తెచ్చిన కెర్నెలు పాఠశాల యందలి పాతదానిపై మొదలే కాకపోవచ్చును.

రెండవది ప్రాసెసర్ల గరిష్ఠసంఖ్య. తక్కువగా వేసినచో మిగిలిన కోర్లు ఊరకయుండును. ఎక్కువగా వేసినచో ఒక్కొక్కదానికి సుమారు 8 కిలోబైట్ల చొప్పున కెర్నెలు పెరుగును, నష్టము స్వల్పము.

మూడవది 32 బిట్ల కెర్నెలుకు మాత్రము వర్తించును. "హైమెమ్" అను ఎంపికను విడిచినచో సుమారు 896 మెగాబైట్లకు మించిన మెమొరీ వినియోగమునకు రాదు.

నాలుగవది రక్షణ. 2018లో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను ప్రాసెసరు లోపములు లోకమునకు వెల్లడియైనవి. వానికి విరుగుడుగా కెర్నెలులో చేర్చిన ఏర్పాట్లను వేగము కొఱకు తీసివేయు వీలున్నది. పిల్లలు ఇంటర్నెట్టును వాడు యంత్రములో ఆ పని తగదు.

ఇన్ని చేసినను సాధారణమైన పాఠశాల పనులలో వేగపు లాభము కొద్దిపాటిదే. బాధ్యత మాత్రము పెద్దది. డెబియన్ వంటి సంస్థలు తామిచ్చు కెర్నెలుకు రక్షణ సవరణలను తామే పంపుచుండును. మనము తయారు చేసికొనిన కెర్నెలును ప్రతి సవరణకును మరల మనమే తయారు చేయవలెను. ఆ పని చూచువారు లేనిచో సామాన్య కెర్నెలే శ్రేయము.

అయితే మిక్కిలి పాత యంత్రముల స్థితి వేరు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకు కెర్నెలు గాని, ఇన్‌స్టాలరు గాని ఇయ్యబడలేదు. లినక్సు సయితము తాను పుట్టిన 386నకు 2013 నాటి 3.8 సంచికతో స్వస్తి చెప్పెను. ఇట్టి యంత్రములను నిలుపుకొనుటకే స్వంత కెర్నెలు అక్కఱకు వచ్చును.

తెలుగు అక్షరములు కనబడుటకును ఈ ఎంపికలకును సంబంధము లేదు. అవి ఫాంట్లపైనను, కీబోర్డు ఏర్పాటుపైనను ఆధారపడును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది.

పాఠశాల కంప్యూటర్లకు స్వంత కెర్నెలు వేయింతుమని ఎవరైన ముందుకు వచ్చినపుడు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడుగవలెను. గదిలోని అన్నిటికంటె పాత యంత్రమును లెక్కలోనికి తీసికొంటిరా? క్రొత్తది మొరాయించినచో వాడుకొనుటకు పాత కెర్నెలును అట్లే ఉంచితిరా? రేపటి సవరణలను ఎవరు చూచెదరు? మూడింటికిని తృప్తికరమైన సమాధానము దొరకినచో పాత యంత్రము మరికొన్ని యేండ్లు మన పిల్లలకు సేవ చేయగలదు.