మీకు తెలుసా? డబ్బా మీది 85 పిల్లల లెక్క కాదు

పిల్లల హెడ్‌ఫోన్ల డబ్బా మీద ఓ పాండా బొమ్మ, దాని పక్కనే '85 డెసిబెల్స్ దాటదు' అన్న హామీ కనిపిస్తాయి. చాలామంది అమ్మానాన్నలు ఆ అంకె చూసి నిశ్చింతగా కొనేస్తారు. ఆ 85 పుట్టింది మాత్రం పిల్లల డాక్టర్ల దగ్గర కాదు, ఫ్యాక్టరీల్లో! అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నయోష్ అనే ప్రభుత్వ సంస్థ 1972లో మరల మధ్య పనిచేసే పెద్దవాళ్లకు సూచించిన హద్దది. రోజుకు ఎనిమిది గంటల షిఫ్టు అన్నది అందులో లెక్క. ఆ హద్దులోనే 40 ఏళ్లు పనిచేసినా నూటికి ఎనిమిది మందికి ఆ మోత వల్ల వినికిడి దెబ్బతినవచ్చని అదే సంస్థ 1998లో తేల్చింది. మన దేశంలో ఫ్యాక్టరీలకు ఇంకాస్త ఉదారంగా 90 దాకా వదిలేశారు. పైగా కార్మికుడికి సైరన్ మోగితే షిఫ్టు అయిపోతుంది. ఐదేళ్ల బుడతడికి సైరన్ ఎవరు మోగిస్తారు?

మరి పిల్లల లెక్క ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఒక ప్రమాణం తెచ్చాయి. పెద్దలకు 80 డెసిబెల్స్, పిల్లలకు 75, అదీ వారానికి 40 గంటలు మించకుండా. 75కీ 85కీ తేడా పదే కదా అనుకుంటాం. డెసిబెల్స్ మామూలు కూడికలకు లొంగవు. మూడు పెరిగితే చెవిలో పడే శబ్దశక్తి రెట్టింపవుతుంది, పది పెరిగితే పదింతలవుతుంది. అంటే 75 దగ్గర 40 గంటలు వినగలిగిన పిల్లవాడు 85 దగ్గర వారానికి నాలుగు గంటలే వినాలి. రోజుకు అరగంట పైచిలుకు. డబ్బా మీద ఈ ముక్క కూడా వేస్తే బాగుండేది, పాండా కాస్త పక్కకు జరిగితే చోటు సరిపోతుంది.

పోనీ, ఆ 85 అయినా నిజమా? అమెరికాలో వస్తువులను పరీక్షించి రాసే 'వైర్‌కట్టర్' 2016లో 30 రకాల పిల్లల హెడ్‌ఫోన్లను కొలిచి చూస్తే, దాదాపు సగం తమ హద్దు తామే దాటేశాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. వైరున్న చవక హెడ్‌ఫోన్లలో శబ్దాన్ని తగ్గించేది చిన్న రెసిస్టర్. అది వచ్చిన కరెంటును కొంత మింగుతుందే తప్ప, ఎంత వచ్చినా ఒకే చోట ఆపదు. ఫోన్‌కు సరిపోయినది, ఎక్కువ జోరుగా పంపే లాప్‌టాప్‌కో టీవీకో తగిలిస్తే చేతులెత్తేస్తుంది. కొన్నింటిలో ఆ రెసిస్టర్ ఊడదీయగలిగే వైరులోనే ఉంటుంది. వైరు మార్చారా, హద్దు గోవిందా. పిల్లలు ఈ కిటుకు మనకంటే ముందే కనిపెడతారు.

అసలు తాళం ఫోన్‌లోనే ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. ఐఫోన్ సెట్టింగ్స్‌లో 'హెడ్‌ఫోన్ సేఫ్టీ' కింద పెద్ద శబ్దాన్ని తగ్గించే మీట ఉంటుంది. దాన్ని 75 దాకా దించవచ్చు, పిల్లలు మార్చకుండా స్క్రీన్ టైమ్‌లో బిగించవచ్చు కూడా. శామ్‌సంగ్ ఫోన్లలో వాల్యూమ్‌కు హద్దు పెట్టి పిన్ వేసుకోవచ్చు. ఏ కంపెనీ హెడ్‌ఫోన్ తగిలిస్తే ఎంత మోగుతుందో ఫోన్‌కు కచ్చితంగా తెలియదు కాబట్టి, హద్దు పెట్టాక ఒకసారి మీ చెవులతో విని చూడండి. పని పూర్తవడానికి రెండు నిమిషాలు చాలు.

కోడికి చెవుడు వస్తే తగ్గిపోవచ్చు, మనిషికి అలా తగ్గదు! లోచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో దాదాపు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందేలా మార్చేవి అవే. కోడిపిల్లల్లో పెద్ద మోతకు చచ్చిన రోమకణాల స్థానంలో కొత్తవి మొలుస్తాయని 1980లలో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. మనకు పుట్టుకతో వచ్చినవే చివరిదాకా. దానికి తోడు పిల్లల చెవిగొట్టం ఇరుకు. అందుకే అదే ఇయర్‌బడ్ అదే వాల్యూమ్‌లో పెద్దవాళ్ల కర్ణభేరి కంటే పిల్లల కర్ణభేరి మీద ఎక్కువ ఒత్తిడి పెడుతుంది. చెవిలో దూరేవి వద్దనడానికి ఇదొక్కటే చాలు. గుబిలిని లోపలికి నెట్టడం అదనపు సేవ.

ఐదేళ్లకే పిల్లల తల చుట్టుకొలత పెద్దవాళ్లలో దాదాపు 90 శాతానికి వచ్చేస్తుంది. కాళ్లూ చేతులూ పెరగాల్సింది బోలెడు, తల మాత్రం ముందే వచ్చి కూర్చుంటుంది. దీనివల్ల కొనేవాళ్లకు ఒక మేలుంది. 'కిడ్స్' అన్న ముద్ర లేకపోయినా, బాగా కుదించగలిగే తేలికపాటి పెద్దల హెడ్‌ఫోన్ స్కూలు పిల్లలకు చక్కగా సరిపోతుంది, ఏళ్ల తరబడి పనికొస్తుంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే సోనీ జెడ్‌ఎక్స్110 అలాంటిదే. వైరుతో వస్తుంది, మడత పడుతుంది, బరువు తక్కువ. అందులో వాల్యూమ్ హద్దేమీ ఉండదు, కనుక ఫోన్‌లో పెట్టి తీరాలి. నన్నడిగితే పాండా బొమ్మకు కట్టే అదనపు డబ్బు కంటే ఇదే మెరుగు.

సరిపోయిందో లేదో అంగట్లోనే తేల్చవచ్చు. పిల్లకు తగిలించి, తబలా ఉన్న పాట పెట్టండి. రెండు వేళ్లతో రెండు కప్పులనూ చెవులకేసి మెల్లగా నొక్కండి. ఎడమచేతి డగ్గా మోత ఒక్కసారిగా పెరిగిందని పిల్ల చెబితే ఆ హెడ్‌ఫోన్ వదులు. సందుల్లోంచి బేస్ కారిపోతోందన్నమాట. బేస్ తగ్గితే పాట పేలవంగా అనిపిస్తుంది, పిల్ల వాల్యూమ్ పెంచుతుంది. కళ్లజోడు పెట్టుకునే పిల్లలైతే జోడుతోనే చూడాలి, కాడ దగ్గర సందు పడుతుంది. నొక్కినా పెద్దగా తేడా రాకపోతే, తల విదిల్చినా జారకపోతే, పది నిమిషాలయ్యాక చెవులు ఎర్రబడకపోతే కొనేయవచ్చు.

డబ్బా వెనక '20 నుంచి 20,000 హెర్ట్జ్' అని రాసి ఉంటుంది. మూడు వందల రూపాయల సరుకు మీదా అదే, ముప్పై వేల సరుకు మీదా అదే. ఆ మధ్య ఏ స్వరం ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పనంత కాలం ఆ అంకెలకు అర్థం లేదు. శబ్దం పుట్టించే డ్రైవరు 40 ఎంఎం అన్న గొప్పా అంతే. దానికి బదులు కథ చెప్పే ఆడియో ఒకటి పెట్టి శ, ష, స విడివిడిగా వినిపిస్తున్నాయేమో చూడండి. మూడూ ఒకేలా ఉంటే పైస్వరాలు మూగబోయినట్టు, 'స' చెవిలో గుచ్చుకుంటే అవి మితిమీరినట్టు. భాష నేర్చుకునే వయసులో పిల్లలకు ఈ తేడా కావాలి.

వాల్యూమ్ పెరగడానికి పాట కంటే పక్క గోలే పెద్ద కారణం. మిక్సీ, ఎయిర్ కూలర్, హాల్లో సీరియల్, బస్సు ఇంజిన్... వీటిని దాటి వినాలని పిల్లలు శబ్దం పెంచేస్తారు. చెవి మొత్తం కప్పి, వెనక మూసి ఉండే రకమైతే గోల కొంత ఆగుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఇంజిన్ రొదను బాగా చంపుతుంది కానీ, ప్రయాణాలు ఎక్కువ చేసే ఇంటికి తప్ప దానికి డబ్బు పోయనక్కర్లేదు.

బ్లూటూత్ దాంట్లో మీరు కట్టే డబ్బులో కొంత బ్యాటరీకి, చిప్‌కు పోతుంది. అదే డబ్బుకు వైరున్నది సాధారణంగా మెరుగ్గా పలుకుతుంది, ఆన్‌లైన్ క్లాసు మధ్యలో చార్జింగ్ అయిపోదు. మూడేళ్ల లోపు పసివాళ్లకు మాత్రం వైరు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది, వాళ్లకు అసలు హెడ్‌ఫోనే వద్దు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ల మీద బీఐఎస్ గుర్తు చూసుకోవాల్సిందే, అయితే అది విద్యుత్ భద్రతకు సంబంధించింది. చెవులకు అదేమీ హామీ ఇవ్వదు.

కప్పుల మీది కృత్రిమ తోలు తేమకు విడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో కొన్నాళ్లకే నల్లటి పొట్టు పిల్లల జుట్టులో రాలుతుంటే అదే కారణం. విడిగా దొరికే, మార్చుకోగలిగే కప్పులున్నవి కొనండి. గుడ్డవైతే మరీ మంచిది.

అన్నాచెల్లెళ్లు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూస్తుంటే ముచ్చటగానే ఉంటుంది కానీ, ఒక్క చెవితో వింటే శబ్దం తక్కువగా అనిపించి ఇద్దరూ కలిసి పెంచుతారు. రెండు హెడ్‌ఫోన్లు తగిలించే స్ప్లిటర్ ఏ మొబైల్ షాపులోనైనా తక్కువకే వస్తుంది.

చివరగా, పిల్లల వినికిడి మీద అనుమానం వచ్చినా, ఇంత చిన్నవాళ్లకు వినికిడి పరీక్ష ఎలా చేస్తారన్న సందేహంతో ఆగిపోయేవాళ్లు ఉంటారు. మూడేళ్ల పిల్లలకు కూడా ఆటగా చేస్తారు. హెడ్‌ఫోన్ తగిలించి, కూత వినబడినప్పుడల్లా ఒక బొమ్మ ముక్కను డబ్బాలో వేయమంటారు. అంతే, ఏ శబ్దం అందుతోందో ఏది అందడం లేదో ఆడియాలజిస్టు గీత గీసి చూపిస్తారు. పిలిస్తే మాటిమాటికీ 'ఆఁ?' అంటున్నా, చెవిలో కుయ్యిమంటోందని చెప్పినా, టీవీకి మరీ దగ్గరగా జరుగుతున్నా ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఈ పరీక్ష అడగండి.