పిల్ల పేరు కార్డుల ఉన్నదా?

పత్తి ఏరే రోజుల్లో పరకాల దిక్కు ఒక పల్లెలో కూలీల మీటింగు అయిపోయినంక ఒక తల్లి నన్ను ఆపింది. "అన్నా, బిడ్డకు గుండెల పొక్క ఉన్నదని అంగన్‌వాడీకొచ్చిన డాక్టరు చెప్పిండు. ఒకాయన ఎనిమిది వేలు కడితే ఇన్సూరెన్సు చేస్తనంటున్నడు. కమ్మలు కుదువబెట్టి కట్టనా?"

ఆ కాగితం తెప్పించి చదివాను. ముందునుంచే ఉన్న జబ్బుకు మూడేళ్లు గడిస్తేగాని పైసా ఇవ్వరట! అదీ సన్నక్షరాల్లో. 2024 దాకా ఈ గడువు నాలుగేళ్ల వరకు ఉండేది, బీమా నియంత్రణ సంస్థ మూడేళ్లకు దించింది. పిల్లకు ఆపరేషన్ ఇప్పుడే కావాలె. ఆ ఎనిమిది వేలు ఎవరి కోసం కట్టినట్టు?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత మనదాకా వచ్చింది. దీనికి కూలి కుటుంబం ప్రీమియం కట్టేది లేదు. పాత జబ్బని తోసెయ్యరు. పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి పెంచారు. ఏ ఆసుపత్రిలో చేస్తారో 104కు ఫోను చేసి అడగొచ్చు.

"మరి పిల్ల పేరు రేషను కార్డుల ఉన్నదా?"

"పెట్టుకున్నం గాని ఎక్కలేదన్నా."

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కొత్త పేర్లు ఎక్కించే పని ఏళ్ల తరబడి ఆగి, 2025లోగాని కదల్లేదు. ఆ మధ్య పుట్టిన పిల్లలు కార్డుకు బయటనే ఉండిపోయారు. వాడలో అడిగితే అటువంటి ఇండ్లు ఇంకా తేలాయి. మర్నాడు కూలి పోగొట్టుకొని, పుట్టిన సర్టిఫికెటు, ఆధారు పట్టుకొని అందరం మీసేవకు నడిచాం.

ఆరోగ్యశ్రీతో అన్నీ తీరుతాయని నేననను. మంచానపడని జ్వరానికి, చీటీ మందులకు, పరీక్షలకు మన పైసలే పోతాయి. 2025 జనవరిలో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలే ఆపేశాయి. సర్కారు బాకీ పడితే మంచం మీదున్న పిల్ల ఏం చెయ్యాలె?

చేతిలో నాలుగు పైసలుండి, పిల్ల ఆరోగ్యంగా ఉంటే పాలసీ తీసుకోండి, తప్పులేదు. కాని వాళ్ల ఆసుపత్రుల జాబితాలో వరంగల్ ఉన్నదా, అన్నీ హైదరాబాదేనా? గది కిరాయికి హద్దెంత? అడగండి. ఇంటివాళ్లు సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఎవరన్నా కలిపి చెబితే కట్టకండి. నచ్చకపోతే కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వాపసు ఇయ్యొచ్చు.

ఆ తల్లి కమ్మలు చెవులకే ఉన్నాయి. పేరు ఎక్కిందో లేదో చూడటానికి సోమవారం మళ్లీ మండలాఫీసుకు పోతున్నాం.