ఉమ్రా రసీదులోని ఇరవై వేలు

గత శీతాకాలంలో మా వీధిలోని ఒక కుటుంబం ఉమ్రా యాత్ర ముగించుకొని వచ్చింది. భార్యాభర్తలు, భర్తగారి వృద్ధ తల్లిదండ్రులు, వెరసి నలుగురు. జమ్‌జమ్ నీరు, ఖర్జూరాలు ఇచ్చి వెళ్ళడానికి మా ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో ఖర్చుల ప్రస్తావన వచ్చింది. యాత్రా ఏర్పాట్లు చేసిన సంస్థకు చెల్లించిన నాలుగు లక్షలకు తోడు ‘టి.సి.ఎస్.’ పేరిట మరో ఇరవై వేలు వసూలు చేశారనీ, ప్రభుత్వానికి పోయిన సొమ్ము తిరిగి వస్తుందా అని ఊరుకున్నామనీ ఆ సోదరుడు అన్నారు. రసీదు తెప్పించి చూశాము. ఆ సొమ్ము పోలేదు. అడిగేవారు లేక అక్కడే ఉంది.

విదేశీ యాత్రా ప్యాకేజీ అమ్మే సంస్థ, కొనుగోలుదారు నుండి కొంత శాతం ఆదాయపు పన్నును ముందుగా వసూలు చేసి, అతని పాన్ నెంబరుపై ప్రభుత్వ ఖాతాలో జమ చేయాలి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి చెల్లించిన మొత్తం పది లక్షలు దాటనంత వరకు ఈ వసూలు 5 శాతం. రసీదులో కనబడే జి.ఎస్.టి. వేరు, అది తిరిగి రాదు. టి.సి.ఎస్. మాత్రం మనం కట్టవలసిన ఆదాయపు పన్నులో భాగం. పన్నే కట్టవలసిన అవసరం లేని వారికి అది పైసాతో సహా తిరిగి రావాలి. రావడానికి ఉన్న మార్గం ఒక్కటే, ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడం.

‘మాకు పన్నే పడదు, రిటర్ను ఎందుకు?’ అనే మాట మేము పలు ఇళ్ళలో విన్నాము. ఈ మాటలో రెండు పొరపాట్లు ఉన్నాయి. 2025-26కు సంబంధించి కొత్త పన్ను విధానంలో పన్ను విధించదగిన ఆదాయం పన్నెండు లక్షల లోపు ఉన్న నివాసులకు రాయితీ వల్ల సాధారణంగా పన్ను సున్నా అవుతుంది. ఉద్యోగికి, పింఛనుదారుకు 75,000 రూపాయల ప్రామాణిక మినహాయింపు కూడా ఉంది గనుక ఆ హద్దు 12,75,000 దాకా వెళ్తుంది. అయితే మొత్తం ఆదాయం నాలుగు లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్ను దాఖలు చేయడం తప్పనిసరి. రెండో పొరపాటు దీనికంటే బాధాకరమైనది. నాలుగు లక్షలు కూడా దాటని వారు తమ జేబులో నుండి ముందే కోసిన పన్నును మరిచిపోతారు.

మాకు తెలిసిన ఒక సోదరి ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతారు. ఆమెను ఉద్యోగిగా కాక, గౌరవ వేతనంపై పనిచేసే వృత్తినిపుణురాలిగా చూపి, చెల్లింపులో పది శాతం కోసి ఇస్తారు. సంవత్సరానికి 2,40,000 రూపాయల సంపాదనలో 24,000 టి.డి.ఎస్. రూపంలో పోతుంది. తండ్రి లేని ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళ చదువు ఆమె సంపాదనపైనే నడుస్తోంది. తనకు పన్ను పడదు గనుక రిటర్నుతో పని లేదని ఆమె మూడేళ్ళు ఊరుకున్నారు. అంటే మూడున్నర నెలలకు మించిన సంపాదన!

ఆలస్యమైనంత మాత్రాన తిరిగి పొందే హక్కు వెంటనే పోదు. జీతం, పింఛను వంటి ఆదాయం గలవారికి గడువు జూలై 31. అది దాటినా డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను దాఖలు చేయవచ్చు. ఆలస్య రుసుము ఆదాయం ఐదు లక్షలు దాటితే 5,000, లోపు ఉంటే 1,000, రిటర్ను తప్పనిసరి కానంత తక్కువ ఆదాయమైతే ఏమీ లేదు. డిసెంబరు 31 కూడా దాటితే దారి ఇరుకవుతుంది. ఆ తరువాత దాఖలు చేయడానికి చట్టం అనుమతించే ‘అప్‌డేటెడ్ రిటర్ను’తో రిఫండు అడగడానికి వీల్లేదు. ఆలస్యాన్ని మన్నించమని కారణాలు, ఆధారాలు చూపుతూ ఆదాయపు పన్ను అధికారులకు విజ్ఞప్తి పెట్టుకోవాలి. 2024 అక్టోబరు నుండి ఇందుకు మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుండి ఐదేళ్ళ హద్దు ఉంది. ఆ సోదరి ఇప్పుడు ఆ విజ్ఞప్తి సిద్ధం చేసుకుంటున్నారు.

ఇక ఎప్పుడు దాఖలు చేయాలి? ఏప్రిల్‌లోనే తొందరపడటం మంచిది కాదన్నది మా అభిప్రాయం. జనవరి-మార్చి కాలానికి టి.సి.ఎస్. వసూలు చేసిన సంస్థ తన లెక్కను మే 15 లోగా, టి.డి.ఎస్. కోసిన సంస్థ మే 31 లోగా సమర్పించాలి. యజమాని ఫారం-16ను జూన్ 15 లోగా ఇవ్వాలి. ఇవన్నీ చేరిన తరువాతే మన పాన్‌కు సంబంధించిన 26ఎ.ఎస్. పత్రం నిండుగా కనబడుతుంది. అక్కడ కనబడని పన్నును రిటర్నులో అడిగితే రిఫండు చిక్కులో పడుతుంది. జూలై చివరి వారం దాకా ఆగితే వెబ్‌సైటు ముందు బారులు తీరిన జనంలో మనమూ ఒకరం. కనుక జూన్ మూడో వారం నుండి జూలై మధ్య వరకు అనువైన కాలం. 2025లో గడువును సెప్టెంబరు 15కు, ఆపై మరొక్క రోజు 16కు పెంచారన్నది నిజమే. దానిని చూసి ఈసారి కూడా పెరుగుతుందని కూర్చోకూడదు.

రిటర్ను పంపడంతో పని ముగిసిందనుకునే వారు ఎక్కువ. ముప్పై రోజుల్లోగా దానిని ధ్రువీకరించాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓ.టి.పి.తో గాని, నెట్ బ్యాంకింగ్ ద్వారా గాని, సంతకం చేసిన ప్రతిని బెంగళూరు కేంద్రానికి పంపి గాని ఈ పని చేయవచ్చు. ధ్రువీకరించిన తరువాత రిఫండు ఖాతాలో పడటానికి సాధారణంగా నాలుగైదు వారాలు పడుతుందని ఆదాయపు పన్ను శాఖ చెబుతుంది. సరళమైన రిటర్నులకు అంతకంటే ముందే వస్తుంది, పరిశీలనలో పడినవి నెలల తరబడి ఆగుతాయి. చట్టం ఆ శాఖకు ఇచ్చిన వ్యవధి మాత్రం చాలా పెద్దది. 2026 జూలైలో దాఖలైన రిటర్నును 2027 డిసెంబరు 31 లోగా పరిష్కరించాలి. పాత బకాయి ఏదైనా ఉంటే దానికింద సర్దుబాటు చేస్తామని ముందుగా తెలియజేసి, జవాబుకు 21 రోజులు ఇస్తారు. ఆ ఈ-మెయిలును చూడకుండా వదిలేస్తే మన మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటారు.

మన ఇళ్ళలో రిఫండు ఆగిపోవడానికి మరొక కారణం ఉంది. పాన్‌లో ‘షేక్’, బ్యాంకులో ‘ఎస్.కె.’, ఆధార్‌లో ఇంటిపేరు చివర. పాన్‌లో ‘మహమ్మద్’, బ్యాంకులో ‘ఎం.డి.’. పెళ్ళికి ముందు తీసుకున్న కార్డులో ఒక పేరు, తరువాత ‘బేగం’ చేర్చిన కార్డులో మరొక పేరు. మనకు అన్నీ ఒకే మనిషి పేర్లు, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. రిఫండు పడే బ్యాంకు ఖాతాను ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముందుగా ధ్రువపరచాలి, ఆ ఖాతా పాన్‌తో అనుసంధానమై ఉండాలి, పేరు సరిపోలాలి. కాబట్టి రిటర్నుకు ముందే ఈ మూడు కార్డులనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవమని మా మనవి. పాత పాస్‌పుస్తకం చూసి ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ రాసేవారు కూడా జాగ్రత్త పడాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గ్రామీణ బ్యాంకులు 2025లో కొత్త పేర్లతో ఒక్కటయ్యాయి. ఖాతా తప్పువల్ల రిఫండు వెనక్కి పోతే భయపడనవసరం లేదు, పోర్టల్‌లోనే మళ్ళీ జారీ చేయమని కోరవచ్చు. పాన్‌ను ఆధార్‌తో అనుసంధానించనందున అది నిష్క్రియమై ఉంటే మాత్రం ముందు దానిని సరిచేసుకోవలసిందే. అంతవరకు రిఫండు రాదు.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరుల సంగతి కొంచెం వేరు. స్వదేశంలోని వారి ఎన్.ఆర్.ఓ. ఖాతాపై వచ్చే వడ్డీలోను, ఇంటి అద్దెలోను దాదాపు 31 శాతం కోస్తారు. పన్నెండు లక్షల దాకా ఉన్న రాయితీ వారికి వర్తించదు. కాని నాలుగు లక్షల ప్రాథమిక మినహాయింపు వర్తిస్తుంది గనుక ఇక్కడి ఆదాయం కొద్దిగా ఉన్నవారికి కోసినదంతా తిరిగి వస్తుంది.

ఈ పత్రిక పాఠకులకు ఒక విషయం విడిగా చెప్పవలసి ఉంది. గడువులోగా రిటర్ను వేసిన వారికి ప్రభుత్వం ఏప్రిల్ 1 నుండి నెలకు అర శాతం చొప్పున రిఫండుపై వడ్డీ కలిపి ఇస్తుంది. ఆలస్యంగా వేసిన వారికి దాఖలు చేసిన తేదీ నుండి లెక్కిస్తారు. రిఫండు మొత్తం నిర్ణయించిన పన్నులో పదో వంతు కంటే తక్కువైతే వడ్డీ ఉండదు. అయిదు వేల రిఫండు ఆగస్టులో వస్తే అందులో 125 రూపాయలు ఇలాంటివే. ఖాతాలో రెండూ కలిసే పడతాయి, కాని శాఖ పంపే లెక్కల పత్రంలో వేర్వేరుగా కనబడతాయి. ఆ వడ్డీని అందిన సంవత్సరపు ఆదాయంగా తరువాతి రిటర్నులో చూపాలి కూడా. ఆ మొత్తాన్ని ఏమి చేయాలన్నది, రావలసిన రిఫండును జకాత్ లెక్కలో ఎలా చూడాలన్నది మీరు విశ్వసించే ఆలిమ్‌గారిని అడగవలసిన ప్రశ్నలు. అంకె ఎక్కడుందో చూపడం వరకే మా పని.

పెద్ద రిఫండు ఇప్పిస్తాము, అందులో ఇంత శాతం ఇవ్వండి అనే మధ్యవర్తులు ప్రతి పట్టణంలోనూ తిరుగుతున్నారు. కట్టని బీమా, ఇవ్వని విరాళం, లేని ఇంటి రుణం రిటర్నులో చేర్చడమే వారి విద్య. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా ఇలాంటి బూటకపు మినహాయింపులపై తనిఖీలు చేపట్టింది. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా, అదీ మధ్యవర్తిపై కాదు, పాన్ ఎవరిదో వారిపై. ఒకరి హక్కును మరొకరు తినడం ధర్మసమ్మతం కాదని వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాము.

మళ్ళీ ఆ ఉమ్రా కుటుంబానికి వస్తే, సోదరుడు తన ఒక్క రిటర్నుతోనే ఇరవై వేలూ వస్తాయని అనుకున్నారు. 26ఎ.ఎస్. తెరిచి చూస్తే ఆయన పాన్‌పై ఐదు వేలే ఉన్నాయి. యాత్రా సంస్థ నలుగురి పాన్ నెంబర్లు తీసుకొని నలుగురి పేరా సమంగా జమ చేసింది. ఇప్పుడు నాలుగు రిటర్నులు కావాలి. తండ్రిగారికి పింఛను ఉంది, భార్యకు పాత ఖాతా ఉంది. జన్మలో ఏనాడూ ఆదాయం లేని తల్లిగారు కూడా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని, తన ఐదు వేల కోసం సున్నా ఆదాయంతో రిటర్ను వేయవలసి వచ్చింది. ఆమె ఆధార్‌కు ఉన్న ఫోను నెంబరు ఎప్పుడో దుబాయి వెళ్ళిన చిన్న కుమారుడిది, అది ఇప్పుడు పనిచేయదు. గత శుక్రవారం జుమా నమాజు తరువాత కుమారుడు ఆమెను ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్ళి కొత్త నెంబరు ఇప్పించారు. అది నమోదయ్యేసరికి ఫారం-16లు కూడా చేతికి వస్తాయి. జూన్ చివరి ఆదివారం నలుగురూ కలిసి కూర్చోవాలని అనుకున్నారు, మమ్మల్నీ రమ్మన్నారు.