బూజు పట్టిన ద్రాక్షకు బంగారు ధర

ద్రాక్షగుత్తికి బూజు పట్టిందంటే మన ఇళ్ళలో ఇల్లాలు దాన్ని పెంటకుప్పకు చేరుస్తుంది. తోట వేసిన ఆసామి అయితే నెత్తిన చేతులు పెట్టుకొని కూర్చుంటాడు. ఆ బూజు ఎప్పుడు పడుతుందా అని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసే రైతులు ఫ్రాన్సు దేశంలో ఉన్నారంటే చదువరులకు వింతగా తోచవచ్చు. ఆ దేశపు నైరుతి దిక్కున, బోర్డో నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సోటెర్న్ అనే చిన్న సీమ ఉన్నది. లోకప్రసిద్ధి పొందిన తియ్యని తెల్ల వైను అక్కడిదే. మన పాఠకులలో వైను ముట్టనివారే హెచ్చు అని ఎరుగుదును. కాని ఇది తాగుడు ముచ్చట కాదు, సేద్యపు ముచ్చట. కనుక వినడంలో దోషం లేదు.

బోర్డో పేరు మన రైతులకు కొత్తది కాదు. మైలుతుత్తం, సున్నం కలిపి తోటలకు చల్లే బోర్డో మిశ్రమం ఆ ప్రాంతంలో పుట్టినదే. దారిన పోయేవారు పండ్లు కోసుకోకుండా అక్కడ రోడ్డు పక్క తీగలకు అటువంటి పూత పూసేవారు. ఆ తీగలకు తెగులు సోకకపోవడం మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి, పరీక్షలు చేసి, 1885లో ఆ సంగతి లోకానికి తెలిపాడు. తెగులుకు మందు కనిపెట్టిన ఆ సీమవారే ఒక బూజును మాత్రం పిలిచి పీట వేస్తారు!

ఆ బూజు వచ్చేది నదుల మీదుగా. సిరోన్ అనే చిన్న ఏరు చెట్లనీడల్లో పారుతూ చల్లగా వచ్చి, వెచ్చని గరోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో తెల్లవారుజామున అక్కడ పొగమంచు లేచి తోటలను కమ్ముకుంటుంది. ఆ తేమకు బోట్రైటిస్ అనే బూజు పండిన ద్రాక్ష మీద పెరిగి, తొక్కకు కంటికి కనబడనంత సన్నని తూట్లు పొడుస్తుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే ఆ తూట్లగుండా పండులోని నీరు ఆవిరైపోయి తీపి, పులుపు చిక్కబడతాయి. పండు ముడుతలు పడి, బూడిద పూసినట్టు చూడడానికి అసహ్యంగా ఉంటుంది. పొద్దుట మంచు లేకపోతే బూజు పట్టదు. ఎండ రాక వాన పట్టుకొన్నదా, అదే బూజు ముదిరి పంటంతా కుళ్ళిపోతుంది. మేలు చేసేదీ, ముంచేదీ ఒకే బూజు. మధ్య ఉన్న తేడా నాలుగు రోజుల వాతావరణం!

అన్ని పండ్లకూ బూజు ఒక్కసారిగా పట్టదు గదా. అందుచేత కూలివారు తోటంతా ఒకసారి కాదు, అయిదారుసార్లు తిరుగుతారు. గుత్తిలో తగినట్టు ఎండినవాటినే ఏరి, తక్కినవాటిని తీగ మీదనే వదలి, మళ్ళీ వస్తారు. ఒక్కొక్క ఏడు ఈ ఏరుడు నవంబరుదాకా సాగుతుంది. ఇక్కడి తోటలలో తలమానికమైన షాతో దికెమ్‌లో ఒక తీగ నుండి వచ్చేది ఒక గ్లాసు వైనేనని ప్రతీతి.

ఏరిన పండ్లను పిండి, ఆ చిక్కని రసాన్ని ఓక్ చెక్క పీపాలలో పులియబెడతారు. పులియబెట్టే సూక్ష్మజీవులు కొంత చక్కెరను మద్యంగా మార్చి, ఆ మద్యానికే తాళలేక ఆగిపోతాయి. మిగిలిన చక్కెరే వైనులోని తీపి. పైనుంచి కలిపే తీపి ఏమీ లేదు. తరువాత పీపాలలోనే సుమారు రెండేళ్ళు ఉంచుతారు. పూర్వం మూడేళ్ళకు పైగానే ఉంచేవారు.

దికెమ్ తోట 1785లో పెళ్ళితో లూర్ సాల్యూస్ వంశానికి చేరింది. పెళ్ళికూతురు ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్ మూడేళ్ళకే భర్తను పోగొట్టుకొన్నది. ఆ వెంటనే ఫ్రెంచి విప్లవం వచ్చిపడింది. ఆమె చెరసాల పాలైంది. అయినా తోటను చేయి జారనీయక, దీర్ఘకాలం తానే నడిపి, 1826లో వైను నిలువ చేసే కొట్టు కట్టించింది. ఆమె పోయిన నాలుగేళ్ళకు, 1855లో, బోర్డో వర్తకులు వైనులకు తరగతులు ఏర్పరచినప్పుడు తెల్ల వైనులలో దికెమ్‌ను ఒక్కదాన్నే అన్నిటికన్న పై తరగతిలో పెట్టారు. 1999లో ఆ తోట ఎల్.వి.ఎం.హెచ్. అనే పెద్ద వ్యాపారసంస్థ చేతికి వెళ్ళింది.

పేరు ఎంత గొప్పదో దాన్ని నిలుపుకోవడం అంత ఖర్చు. 1964, 1972, 1974, 1992 సంవత్సరాలలో దికెమ్ పేరుతో వైను రాలేదు. 2012లోనూ అంతే. వానలకు పంట చెడింది, ఆ ఏటి వైను అమ్మబోమని డిసెంబరులోనే ప్రకటించారు. తీగలు కత్తిరించిన కూలీ, దున్నిన ఖర్చు ఆ ఏడూ తప్పలేదు. ఇంత పేరున్న సీసాకు చీటీ అంటిస్తే కొనేవారు కరువా? అయినా అంటించలేదు. వర్తకంలో ఇటువంటి మొండితనం నాకు ముచ్చటగా తోస్తుంది.

భోజనాల బల్ల మీద దీన్ని చల్లబరచి, చిన్న గ్లాసులో కొద్దిగా పోస్తారు. ఫ్రెంచివారు దీనికి జతగా రోక్‌ఫోర్ అనే ఉప్పటి గొర్రెపాల జున్నును పెడతారు. దానిలోనూ నీలిబూజే! మంచి ఏటి సీసా నూరేళ్ళయినా చెడదు. లేత బంగారు రంగు ముదిరి తేనెరంగుకు, ఆపైన ఇంకా నల్లగా తిరుగుతుంది. 1811 నాటి దికెమ్ సీసా ఒకటి 2011లో లండనులో 75,000 పౌన్లకు అమ్ముడయింది.