ఘంటసాల నుంచి సింహళానికి - భార్యాభర్తలు ఇద్దరే

విదేశం అనగానే మన జిల్లా పల్లెల్లో అమెరికాయే మాటల్లోకి వస్తుంది. కొడుకో కూతురో అక్కడ వుంటారు. పురుటికో, మనవడిని ఎత్తుకోవడానికో తల్లిదండ్రులు వెళ్తారు. పిల్లలు పనులకు వెళ్ళిపోతే పగలంతా ఇంటిని కనిపెట్టుకుని, శని ఆదివారాల్లో వాళ్ళు ఎక్కడికి తీసుకువెళ్తే అక్కడికి వెళ్ళి, ఆరు నెలలకు తిరిగి వస్తారు. అది బాధ్యతే గాని యాత్ర కాదు. ఇద్దరే కలిసి, నచ్చిన చోట దిగి, నచ్చకపోతే ముందుకు సాగిపోయే యాత్ర చేయాలనుకునే దంపతులకు ఇంతకన్నా దగ్గరలో ఒక దేశం వుంది. దివిసీమకు అది కొత్తది కూడా కాదు.

రెండో శతాబ్దంలో టాలమీ అనే గ్రీకు పండితుడు ‘కంటకొస్సిల’ అని రాసిన వర్తక కేంద్రం మన ఘంటసాలే. మూడో శతాబ్దంలో బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో తామ్రపర్ణి దేశపు భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. తామ్రపర్ణి అంటే నేటి శ్రీలంక. కంటకసెల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించిన సంగతి కూడా ఆమె అదే శాసనంలో వేయించింది. ఘంటసాల పేరూ సింహళం పేరూ ఒకే రాతి మీద వున్నాయన్న మాట.

ఘంటసాలలో తవ్వకాల్లో బయటపడిన స్తూపాన్ని చూసినవారు అనూరాధపురంలోని జేతవనారామం ముందు నిలబడితే ఆశ్చర్యపోక తప్పదు. అంతా ఇటుకే. ఒకప్పుడు 120 మీటర్ల ఎత్తు వుండేదని చెబుతారు. ఇప్పటికి మిగిలింది 70 మీటర్లు. కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలు స్తూపం ఇటుకలు పందొమ్మిదో శతాబ్దంలో రోడ్డు వేయడానికి పోయాయి. ఆ సంగతి తెలిసినవారికి అక్కడ కొంచెం మనసు చివుక్కుమంటుంది.

ప్రయాణానికి డబ్బు కన్నా ముందు అడ్డుపడేది ఇంటిపేరు. ఆడవారికి ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, మరొక దానిలో అత్తింటి ఇంటిపేరు వుండటం మన దగ్గర మామూలే. పుట్టిన తేదీ సంగతి చెప్పనక్కరలేదు. పాసుపోర్టుకు దరఖాస్తు పెట్టే ముందే అన్ని కాగితాలూ ఒకే తీరున దిద్దించుకోవాలి. ఆ తర్వాత శ్రీలంక ప్రవేశానుమతిని ఇంటర్నెట్ ద్వారా ముందే తీసుకోవచ్చు. గుడివాడ మీదుగా పోయే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు చేరితే, అక్కడ నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. సంక్రాంతి దాటాక, మినుము చేతికి రాకముందు వెళ్తే ఇక్కడ పనికీ ఇబ్బంది లేదు, అక్కడ నైరుతి తీరంలో వానల బెడదా అంతగా వుండదు.

భాష రాదన్న భయం అక్కరలేదు. బోర్డులు సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడింటిలోనూ వుంటాయి. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైగా వస్తాయి గనుక హోటలు బిల్లు చూసి కంగారు పడవద్దు. శాకాహారులు మాత్రం కొబ్బరి పచ్చడిని కూడా అడిగి తినాలి. అందులో ఎండుచేపల పొడి కలపడం అక్కడి అలవాటు. బందరువారికి అది అభ్యంతరం కాకపోవచ్చు! గుళ్ళలో బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగడం తప్పుగా చూస్తారు.

కాండీలో దంత మందిరాన్ని అందరూ చూస్తారు. దాని పక్కనే వున్న రాజభవనంలో 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక్కరు రాజులు మధుర నుంచి వచ్చిన తెలుగు మూలాలవారని మనలో ఎక్కువ మందికి తెలియదు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువారు పట్టుకుని వేలూరు కోటలో వుంచారు. 1832లో ఆయన అక్కడే కన్నుమూశాడు. కాండీ నుంచి తేయాకు తోటల మీదుగా పోయే కొండ రైలుకు ఎంతో పేరు వుంది. 2025 నవంబరు తుపానులో ఆ మార్గం బాగా దెబ్బతిన్నది కాబట్టి బయలుదేరే ముందే విచారించుకోవాలి.

తెలుగు మాట వినాలంటే అనూరాధపురం ప్రాంతంలోనే తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే వూరు వుంది. పాములాడించి, జోస్యం చెప్పి బతికిన అహికుంటికులు అక్కడ స్థిరపడ్డారు. వారి ఇంటి భాష తెలుగు. లిపి తెలియదు, తరతరాలుగా నోటితోనే నిలుపుకున్నారు. యాత్రా కంపెనీల బస్సులు సాధారణంగా అటు పోవు. ఇద్దరే వెళ్ళినవారికి ఆ వీలుంది. వింతగా చూడటానికి కాకుండా, నాలుగు మాటలు పలకరించడానికి వెళ్తే బాగుంటుంది.

కొలంబో నుంచి గాలెకు పోయే రైలు చాలా దూరం సముద్రం అంచునే నడుస్తుంది. దారిలో పెరాలియ వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ ఇక్కడ ఒక రైలును ముంచెత్తింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ రోజు పౌర్ణమి. సింహళంలో అది పండుగ సెలవు. మంగినపూడిలో సముద్ర స్నానాల రోజు. అదే సునామీకి మన తీరంలోనూ ప్రాణాలు పోయాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పిల్లలుగా బతికి బయటపడిన దివిసీమవారు ఇప్పుడు యాభై దాటి అరవైలకు వస్తున్నారు. పెరాలియలోని స్మారక చిహ్నం దగ్గర వారికి ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. సమీపంలోనే జపాను సహాయంతో నిలిపిన పెద్ద బుద్ధవిగ్రహం వుంది. అక్కడ దిగాలనుకునేవారు హిక్కడువ స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. కొలంబోలో రైలెక్కేటప్పుడు కుడివైపు కిటికీ చూసుకోవాలి. సముద్రం అటే వుంటుంది.